పొగగొట్టంలోంచి వైఫై

మా అత్తగారికి ఎనభయ్యారేళ్లు. సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి, రెండిడ్లీలో ఇంత ఉప్పుడుపిండో తిని, ఏడు కొట్టేసరికి కళ్లజోడు చీర చెంగుతో తుడుచుకుని మంచమ్మీద కూర్చుంటారు. ఒళ్లో పలక ఉంటుంది. పుణెలో ఉన్న మా ఆడపడుచు మనవడు, ఆరేళ్లవాడు, ఫోను తెరమీద ప్రత్యక్షమవుతాడు. వాడి బళ్లో ఇంగ్లీషు ఉంది, మరాఠీ ఉంది, హిందీ ఉంది. తెలుగు లేదు. ఆ ఖాళీలోకి మా అత్తగారు పంతులమ్మగా దిగారు. ఆవిడ అక్షరం రాసి పలక ఎత్తి చూపిస్తారు, వాడు నోటుపుస్తకంలో దిద్ది చూపిస్తాడు. తప్పు రాస్తే ఆవిడ ఇక్కడ బలపంతో మంచం కోడు మీద కొడతారు. మొట్టికాయ పుణె దాకా వెళ్లదు గనక.

పోయిన ఏడాది కార్తీకమాసంలో పాఠం 'ఋ' దగ్గరికి వచ్చింది. ఆవిడ రాసి పలక ఎత్తారు. తెరమీద పిల్లవాడు నోరు సగం తెరిచి రాతిబొమ్మలా ఆగిపోయాడు. ఆవిడ పలక దించలేదు. వాడు రాసుకుంటున్నాడనుకున్నారు కాబోలు. చెయ్యి వణకడం మొదలయింది. కాసేపటికి ఫోను తనంతట తనే నల్లబడింది.

"వాడికి విసుగొచ్చినట్టుంది. పెట్టేశాడు" అన్నారు.

"అది కాదండీ, సిగ్నలు అందక ఆగిపోయింది" అన్నాను.

"మొన్నా అలాగే పెట్టేశాడుగా. ఈ ముసలిదాని చాదస్తం వాళ్లకెందుకులే."

మర్నాడు ఏడు కొట్టింది. ఆవిడ పలక తియ్యలేదు. ఆడపడుచు ఫోను చేస్తే, నడుం నొప్పిగా ఉందని చెప్పమన్నారు. నాలుగు రోజులు నడుం నొప్పే అయింది. మా ఇంటికంతటికీ వైఫై అందించాలన్న పని నిజంగా ఆ నాలుగు రోజుల్లో మొదలయింది. అంతకు ముందు మావారు చేసినవన్నీ ప్రయోగాలే తప్ప పని కాదు.

ఇంటి సంగతి చెప్తేగాని ఈ తంటా అర్థం కాదు. మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు మద్రాసు రాజధానిలోంచి అటు వెళ్లిన ఊరు. ఊరు వెళ్లింది గాని మనుషులూ ఇళ్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మా పాత వీధుల్లో ఇళ్లు మీలో కొందరైనా చూసే ఉంటారు. వీధివైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవెక్కువ, రైలుపెట్టెలకు మల్లే గది వెనక గది. పక్కింటికీ మనకీ ఒకటే గోడ. మా ఇల్లు వీధిలో పద్దెనిమిది అడుగులు కనిపిస్తుంది. అరుగు నుంచి పెరటి తలుపు దాకా నడిస్తే తొంభై అడుగుల పైమాటే. కింది ఇల్లు మా మామగారి తండ్రి కట్టించారు. సున్నపు గోడలు, మూరెడు మందం. 1978లో మామగారు మేడ వేసి పైన రేకులు కప్పారు. 1996లో ఆ రేకులు తీసి, స్లాబు పోసి, పైమేడ కట్టారు. ఇప్పుడు కింద మేమూ అత్తగారూ, నడిమేడలో మా మరిదీ తోడికోడలూ వాళ్ల అమ్మాయీ, పైమేడలో మా అబ్బాయి. వాడు ఇంట్లోంచే ఉద్యోగం చేస్తాడు. అత్తగారి గది కింది ఇంట్లో అన్నిటికంటే వెనక, వంటింటిని ఆనుకుని ఉంది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు ఇంటిల్లిపాదీ ఆ గదిలోనే పడుకున్నాం. పైన రేకుల షెడ్లు ఎగిరిపోతున్న చప్పుడు వినిపిస్తూంటే, ఆ గోడల మధ్య మాత్రం దీపం కూడా రెపరెపలాడలేదు. చాలా రోజులు కరెంటు లేదు. రెండు కుటుంబాలకూ ఒకే పొయ్యి మీద వండాం.

ఆ మరుసటి ఏడే పంపకాలు జరిగాయి. కిందిదీ పైదీ మాకు, నడిమేడా ఊరి బయట స్థలమూ మరిదికి. పైమేడకు డబ్బు పంపింది మావారు, ఉద్యోగరీత్యా ఊళ్లు తిరుగుతూ. ఎండలో నిలబడి కట్టించింది మరిది. "డబ్బు నాది" అని ఆయన, "ఒళ్లు నాది" అని ఈయన. మాట పెరిగింది. ఆ తరవాత మాటే లేకుండా పోయింది. మరిది రోజూ పొద్దున్న కొట్టుకు వెళ్లేముందు అమ్మ దగ్గర పావుగంట కూర్చుని వెళ్తాడు. ఆ పావుగంటా మావారికి పెరట్లో మొక్కలు గుర్తొస్తాయి. అన్నదమ్ముల మధ్య కబుర్లు మా తోడికోడళ్ల మీదుగా నడిచేవి. మూడంతస్తులకు మూడు కరెంటు మీటర్లు వచ్చాయి. ఇంటర్నెట్టు వచ్చాక రెండు ఫైబరు తీగలు, రెండు డబ్బాలు, రెండు బిల్లులు.

మా తీగ అబ్బాయి ఉద్యోగం కోసం తీసుకున్నది కాబట్టి నేరుగా పైమేడకే వెళ్లింది. తీగ తెచ్చిన కుర్రాడు చుట్టూ చూడకుండానే గుమ్మం పక్క ఇనపబీరువా వెనక గోడకు డబ్బా బిగించాడు. "ఎయిఠి హెబొ, మావుసీ" అన్నాడు. ఇక్కడైతే సరిపోతుందట. పది నిమిషాల్లో పని ముగించుకుని వెళ్లిపోయాడు. అతనికి సరిపోయింది.

కింద అందడం లేదని నేను గొడవ పెడితే మావారు ఆరు కొమ్ముల రౌటరు ఒకటి తెచ్చారు. చూడ్డానికి బోర్లాపడ్డ సాలీడులా ఉంది. కొమ్ములన్నీ నిటారుగా నిలబెట్టి, ఇక రాష్ట్రమంతా అందుతుందన్నారు. అత్తగారి గదిలో ఫోనుకు ఒక గీత పెరిగింది గాని మాట మాత్రం అలాగే తెగిపోయేది. ఎందుకో చాలాకాలం తరవాత అబ్బాయి చెప్పాడు. ఇది రేడియో లాగా ఒకవైపు వినడం కాదు, ఇద్దరూ మాట్లాడుకోవాలి. డబ్బా గొంతు పెద్దదైతే ఫోనుకు వినిపిస్తుంది సరే, ఫోను గొంతు చిన్నదే కదా, దాని జవాబు రెండు స్లాబులు దాటి పైదాకా వెళ్లొద్దూ? ఇంకో సంగతి, నిటారుగా నిలబెట్టిన కొమ్ము తరంగాన్ని గారె ఆకారంలో చుట్టూరా చిమ్ముతుంది. ఆ అంతస్తులో దూరం పోతుంది. నెత్తిమీదికీ కాళ్లకిందికీ తక్కువ. అంతస్తుల ఇంట్లో ఒకటి రెండు కొమ్ములు పడుకోబెడితే కిందికి కాస్త నయం. మావారు ఆరూ నిలబెట్టారు, అవి వీధిలో అందరికీ చక్కగా అందించాయి.

తరవాత రిపీటరు. గోడకు ప్లగ్గులా గుచ్చే బుల్లి డబ్బా. దాన్ని తెచ్చి అత్తగారి గదిలోనే పెట్టారు, ఆవిడకే కదా కావలసిందని. తనకే సరిగ్గా వినపడనివాడు ఇంకొకరికి ఏం చెప్తాడు? దాన్ని పెట్టాల్సింది సగం దారిలో, ఇంకా బాగా అందుతున్నచోట. ఆ సగం దారి మెట్ల మలుపు. అక్కడున్న ఒకే ఒక్క ప్లగ్గు మరిది మీటరు మీదిది. కాబట్టి వంటింట్లో పెట్టారు. అందులోనూ చవకరకం రిపీటరు విన్నదాన్నే అదే దారిలో తిరిగి పలకాలి, అంచేత వేగం సగానికి సగం పోతుంది. మిగిలిన సగం నేను మైక్రోవేవ్‌లో పాలు పెట్టినప్పుడల్లా పోయేది. ఆ పొయ్యిలో పుట్టే తరంగాలూ వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలూ ఇరుగుపొరుగులట. కరెంటు తీగల్లోంచే ఇంటర్నెట్టు పంపే జత ప్లగ్గులు కూడా కొన్నారు గాని, మూడు మీటర్ల ఇంట్లో అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టనే లేదు. వాటి వెల నేను అడగలేదు.

ఆ నాలుగు రోజుల నడుం నొప్పి తరవాత అబ్బాయి ఒక ఆదివారం సెలవుచీటీ లేకుండానే సెలవు పెట్టాడు. పాత క్యాలెండరు కాగితం వెనక మూడంతస్తులూ గీశాడు. ఫోనులో సిగ్నలు బలాన్ని అంకెల్లో చూపే సాధనం ఒకటి పెట్టుకుని గదిగదికీ తిరిగాడు. నేను పెన్సిలు పట్టుకుని వాడు చెప్పింది రాశాను. ఆ అంకెలన్నీ మైనస్‌లో ఉంటాయి, సున్నాకు దగ్గరైనకొద్దీ బలం. డబ్బా పక్కన మైనస్ 38. మా కింద ముందుగది మైనస్ 72. వంటిల్లు మైనస్ 79. అత్తగారి మంచం మీద మైనస్ 86. వీడియోలో సాఫీగా మాట్లాడుకోవాలంటే మైనస్ 67 కంటే దిగజారకూడదన్నాడు. "పందొమ్మిదేగా తేడా" అన్నాను. "కాదమ్మా, పది తగ్గితే బలం పదో వంతుకు పడిపోతుంది, ఇరవైకి వందో వంతుకు" అన్నాడు. అంటే అవసరమైనదాంట్లో సుమారు ఎనభయ్యో వంతుతో ఆవిడ పాఠం చెప్తున్నారన్నమాట. ఫైలిన్‌ను ఆపిన గోడలే దీన్నీ ఆపుతున్నాయి.

ఈ తరంగాల్లో 2.4 రకం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడులో సగం కంటే కాస్త ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ రకం ఆరు సెంటీమీటర్లకు అటూ ఇటూ. రెండోది వేగం గలది, పక్కింటి గోల తక్కువ, కాని గోడ దాటాలంటే ఇంకా నీరసం. మా సున్నపు గోడ దగ్గర అది పూర్తిగా చేతులెత్తేసింది. పైగా ఇనపబీరువా ఒకటి. లోహం మీద తరంగం పడితే వెనక్కి తిరగడమే. బీరువా జరపగానే కింద ముందుగదిలో మైనస్ 72 కాస్తా మైనస్ 66 అయింది. ఖర్చు లేకుండా జరిగిన మేలు అదొక్కటే. ఎవరైనా డబ్బు పెట్టేముందు ఆ పని చేసి చూడండి.

మరిదిగారి పాస్‌వర్డు అడగొచ్చు కదా అంటారేమో. నేను అడక్కముందే తోడికోడలు చెవిలో చెప్పింది. కాని వాళ్ల డబ్బా నడిమేడ ముందుహాల్లో టీవీ పక్కనుంది. అత్తగారి గదికి అదీ ఏటవాలుగా అందాలి. మైనస్ 80. రెండు ఇళ్ల సిగ్నళ్లూ ఆవిడ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి.

క్యాలెండరు కాగితం మీద ఇంకొకటి తేలింది. 2.4లో మన దేశంలో పదమూడు చానళ్లున్నాయి. పేరుకు పదమూడేగాని ఒకదాని మీద ఒకటి ఒరుసుకోకుండా ఉండేవి మూడే: 1, 6, 11. మా డబ్బా 6లో ఉంది. మరిదిది 7లో ఉంది. ఇద్దరూ ఒకే చానల్లో ఉంటే ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వినిపించుకుని ఆగుతారు, వంతులు వేసుకుంటారు. పక్కపక్క చానళ్లలో ఉంటే అదీ లేదు. ఎదుటివాడి మాట మాటగా కాక వట్టి రొదగా వినిపిస్తుంది, దానిమీద వీడు అరుస్తాడు. "మన డబ్బా, బాబాయి డబ్బా ఏళ్లతరబడి ఒకదానిమీద ఒకటి అరుచుకుంటున్నాయమ్మా" అన్నాడు అబ్బాయి. మావారు పేపరు తిప్పారు.

అబ్బాయి తేల్చింది ఇది. మధ్య దూరాన్ని గాలికి వదిలెయ్యకూడదు. డబ్బా నుంచి డబ్బాకు తీగ వెయ్యాలి, మనిషి కూర్చునేచోట మాత్రమే గాలి. అంతస్తుకొక డబ్బా, మూడింటికీ వెనక తీగ. ఈ తీగలో వంద మీటర్ల దాకా ఏమీ పోదు, గోడ ఎంత మందమైనా దానికి పట్టదు. అంతా బాగుంది, కాని పైమేడ నుంచి కిందికి తీగ రావాలంటే నడుమ నడిమేడ ఉంది.

వీధిగోడ మీదుగా బయటనుంచి దింపుదామన్నారు మావారు. అబ్బాయి ఒప్పుకోలేదు. ఎండకు పై తొడుగు పగులుతుంది, కోతులు ఊగుతాయి. కాలవైశాఖిలో ఎక్కడో పిడుగు పడినా బయట వేలాడే రాగితీగ ఆ దెబ్బను లోపలికి తెచ్చి డబ్బాలన్నీ కాల్చేస్తుంది. పైగా వీధిగోడ దిగినా అక్కణ్ణుంచి వెనక గదికి మళ్లీ డెబ్భై అడుగులు, మూడు గోడలు.

ఈ వాదన అత్తగారి గది గుమ్మంలో జరుగుతోంది. ఆవిడ పడుకునే విన్నారు.

"వంటింటి పొగ పోయిన దారిన మీ తీగ పోదురా?" అన్నారు.

కట్టెల పొయ్యి పొగగొట్టం! మేడ వేసినప్పుడు మామగారు దాన్ని నడిమేడ వంటింటి గోడలోంచి పైకి తీసుకెళ్లారు. గ్యాసు వచ్చాక కింద నోరు ఇటుకలతో మూసేశాం. 1996లో పైన స్లాబు పోసినప్పుడు అదీ మూసుకుపోయింది. నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఆ పొయ్యి దగ్గర కళ్లు మండించుకున్నదాన్ని, నాకే గుర్తు రాలేదు. గొట్టం వంటింట్లో ఉంది, వంటింటి అవతల గోడే అత్తగారి గది. కొలిచి చూస్తే పైనుంచి కిందికి ఏడు మీటర్లు లేదు.

"స్లాబుకి రంధ్రం ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది? కమ్మీ తగిలితే?" అన్నారు మావారు. ఆయన అడిగింది అబ్బాయినే గాని జవాబు వాడి దగ్గర లేదని ఆయనకు తెలుసు.

మర్నాడు పొద్దున్న మరిది వచ్చి అమ్మ మంచం పక్కన కూర్చున్నాడు. నేను కాఫీ తీసుకెళ్లేసరికి ఆవిడ చెప్పడం అయిపోయింది. ఏం చెప్పారో నాకు తెలియదు. మరిది గ్లాసు అందుకుని, పెరటివైపు చూస్తూ, కొంచెం గట్టిగా అన్నాడు.

"వదినా, రంధ్రం నేను పెడతాను. సెంట్రింగు నాడు అక్కడ నిలబడ్డది నేను. గొట్టం మూతి మీద నాపరాయి పరిచి పోయించాను. కమ్మీలు ఎంతెంత ఎడంలో ఉన్నాయో నాకు తెలుసు."

పెరట్లో నీళ్లు పోస్తున్న చప్పుడు ఆగింది. మళ్లీ మొదలయింది.

ఆదివారానికి సామాను తెచ్చాం. ఇక్కడొక మాట. బజార్లో మొదట ఇచ్చిన తీగ తేలిగ్గా ఉందని అబ్బాయి అనుమానపడి, కొసను కత్తితో గీకాడు. లోపల తెల్లగా కనిపించింది. అల్యూమినియం మీద రాగిపూత. వెనక్కి ఇచ్చి అసలు రాగిది తెచ్చాడు. మీటరు ధర ఎక్కువేగాని గోడలో ఒకసారి వేస్తే ముప్ఫై ఏళ్లు ఉండాల్సినది. తీగ ఒకటి కాదు, రెండు వెయ్యాలన్నాడు. ఒకటి పైనుంచి నడిమేడకు, ఒకటి నేరుగా కిందికి. నడిమేడ డబ్బాలోంచే కిందికి తీసుకుంటే, రాత్రి తోడికోడలు అలవాటుగా స్విచ్చులన్నీ ఆర్పేసినప్పుడల్లా కింద కూడా ఆరిపోతుంది. ఆ మాట వాడు ఇంజనీరింగుగా అన్నాడు గాని, నేనూ తోడికోడలూ మొహాలు చూసుకున్నాం.

మరిది డ్రిల్లింగు మిషను భుజాన వేసుకుని పైమేడకు వెళ్లాడు. 2014 తరవాత ఆయన ఆ మెట్లెక్కడం అదే మొదలు. గోడ నుంచి జానెడు కొలిచి, ఇంకో రెండంగుళాలు ఇవతలికి జరిపి, మోకాలేసి కూర్చున్నాడు. పదహారు మిల్లీమీటర్ల రంధ్రం, రెండు తీగలు పక్కపక్కన పట్టేంత. తీగ కొసకు ప్లాస్టిక్ తలకాయ ముందే బిగిస్తే ఆ రంధ్రంలో పట్టదు, అందుకని వట్టి కొసలే. కమ్మీ తగల్లేదు. నాపరాయి దగ్గర మాత్రం కాస్త మొండికేసి దిగింది.

నడిమేడలో తోడికోడలు పోపుడబ్బాల అలమారు జరిపించి రెండిటుకలు తీయించింది. అబ్బాయి అక్కడ నిలబడ్డాడు. కింద మా వంటింట్లో మావారు పొగగొట్టం నోటి ఇటుకలు తీసి, తల లోపలికి పెట్టి టార్చిలైటుతో పైకి చూస్తున్నారు. మరిది పైనుంచి పురికొసకు పెద్ద నట్టు కట్టి వదిలాడు. అది టంగుటంగుమంటూ గోడలకు తగులుతూ దిగుతోంది. చప్పుడు ఆగిపోయింది.

గొట్టం ఎంత నిటారుగా ఉందంటే పైమేడలో మాట కింద చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. అది మాకెవరికీ తెలియదు.

"వచ్చిందా?" అని పైనుంచి వినిపించింది.

మావారు వెంటనే పలకలేదు. నేను పక్కనే ఉన్నాను. మధ్యలో అబ్బాయి ఉన్నాడు, వాడు చెప్పొచ్చు. వాడు నోరు మూసుకున్నాడు.

"ఆగరా, చిక్కుకుంది. కొంచెం పైకి లాగి వదులు" అన్నారు మావారు.

"ఇప్పుడో?"

"ఆఁ... ఇంకొంచెం. వస్తోంది. వచ్చింది. పట్టుకున్నాను, తీగ కట్టు."

"కట్టాను. లాగు అన్నయ్యా. గుంజకు, మెల్లగా."

తీగ కంటే ముందు మసి వచ్చింది. నలభై ఏళ్ల వంటల మసి మావారి నెత్తిమీద పడింది. అత్తగారు కర్ర పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి చూసి, "పొయ్యి వెలిగించారట్రా?" అన్నారు.

మిగిలిన పనిలో పెద్ద చెప్పుకునేదేమీ లేదు. కొత్త డబ్బాలు కొనలేదు. ఆరు కొమ్ములది కింద అత్తగారి గదికీ వంటింటికీ నడుమ గోడ మీదికి వచ్చింది, మరిది పాత డబ్బా నడిమేడలో ఉంది. పాతవాటిని ఇలా వాడుకునేటప్పుడు తీగను ఇంటర్నెట్టు అని రాసి ఉన్న రంధ్రంలో కాక పక్కనున్న మామూలు రంధ్రాల్లో ఒకదాంట్లో పెట్టాలి. లోపల చిరునామాలు పంచే పని ఆపు చెయ్యాలి. ఇంట్లో ప్రతి ఫోనుకూ ఒక నంబరు ఇచ్చే గుమస్తా ఒక్కడే ఉండాలి, అది పైమేడ డబ్బా. ముగ్గురు గుమస్తాలుంటే ఒకే నంబరు ఇద్దరికిచ్చి తగువులు పెడతారు. ఆ డబ్బాల సొంత నంబర్లు కూడా వేరువేరుగా మార్చాలి. పైన చానల్ 1, నడిమేడ 6, కింద 11. పేరు మూడింటికీ ఒకటే, పాస్‌వర్డు ఒకటే. అది పెట్టింది అత్తగారు. ఇక్కడ రాయను లెండి.

కింది తీగ మొదట్లో వెయ్యి మెగాబిట్ల బదులు వంద దగ్గరే ఆగింది. లోపలి నాలుగు జంటల్లో ఒకటి తలకాయలో సరిగ్గా ఆనలేదు. కొస కోసి, నారింజ తెలుపు నుంచి మొదలుపెట్టి రంగులు వరసగా పేర్చి మళ్లీ బిగిస్తే సరిపోయింది. రంధ్రాల చుట్టూ చీమలు రాకుండా మరిది సిమెంటు పూశాడు. కరెంటు పోతే డబ్బాలు ఆరకుండా మూడింటికీ మూడు చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ పెట్టెలు. అన్నీ కలిపి ఐదువేలు దాటలేదు, మావారి ప్రయోగాల ఖర్చు లెక్క వెయ్యకపోతే.

పూర్తిగా బాగుపడిందని అనను. పైనుంచి ఫోనులో మాట్లాడుతూ మెట్లు దిగితే, ఫోను పైడబ్బానే పట్టుకుని వేలాడుతుంది. పక్కనే బలమైనది ఉన్నా వదలదు. మలుపులో ఓ క్షణం మాట పోతుంది. డబ్బా ఏదో తేల్చుకోవాల్సింది ఫోనేనట, మనం కాదు. మాట తెగిందంటే అబ్బాయి మెట్లమీద ఉన్నాడని మాకు గుర్తు.

మరిది తన ఫైబరు తీగ తీయించేశాడు. రెండు బిల్లుల బదులు ఒకటే, కాస్త పెద్ద పథకం. ప్రతినెలా మొదటివారంలో సగం డబ్బు మావారి ఖాతాలో పడుతుంది. ఏ మాటా రాయడు. ఈయనా ఏమీ అనరు, వద్దని తిప్పి పంపరు కూడా. పంపకాల సంగతి ఎవరూ ఎత్తలేదు. పొద్దున్న మరిది వచ్చినప్పుడు మావారు ఇంకా మొక్కల దగ్గరే ఉంటారు గాని, మొక్కలిప్పుడు అత్తగారి కిటికీ దగ్గరవి.

ఆ ఆదివారం సాయంత్రం అబ్బాయి మంచమ్మీద ఫోను పెట్టి అంకె చూశాడు. మైనస్ 47. నేను పలక తుడిచి ఇచ్చాను. నడుం నొప్పి తగ్గిందో లేదో అడగలేదు. ఏడింటికి పిల్లవాడు తెరమీదికి వచ్చి, "తాతమ్మా, ఋ నాకొచ్చేసింది. అమ్మమ్మ నేర్పింది. ఋషి. తరవాతది చెప్పు" అన్నాడు.

ఆవిడ 'ౠ' రాసి చూపించారు. వాడు నాలుక కొరుక్కుంటూ దిద్దాడు. కొమ్ములూ వంపులూ లెక్కపెట్టుకున్నాడు.

"దీంతో ఏ మాట వస్తుంది తాతమ్మా?"

ఆవిడ బలపం పట్టుకుని ఆలోచనలో పడ్డారు. గుమ్మంలో మావారు, మెట్ల దగ్గర మరిది, మేమందరం ఆలోచించాం. ఎవరికీ తట్టలేదు. గదిలో కాసేపు చప్పుడు లేదు.

"తాతమ్మా" అని పుణె నుంచి కేకేశాడు వాడు, "మళ్లీ ఆగిపోయావా?"